మీకు తెలుసా? మీ అమ్మ కూడా వలస వచ్చిన మనిషే!

నిజం! పెళ్లయి పుట్టినూరు దాటి మెట్టినూరికి వచ్చిందా? అయితే జనాభా లెక్కల్లో ఆమె వలస వచ్చిన మనిషే! పక్క మండలం నుంచి వచ్చినా సరే! పెళ్లి వల్ల ఊరు మారామని 2011 జనగణనలో చెప్పినవాళ్లు ఎంతమందో తెలుసా? 20 కోట్లు దాటారు!

చదువు, కూలి, ఉద్యోగం, అన్నీ కలిపితే? బస్సులో మీ చుట్టూ ఉన్న ఎనిమిది మందిని చూడండి. అందులో ముగ్గురు ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే! దేశం మొత్తం మీద 45 కోట్ల మంది! వీళ్లంతా ఎందుకు కదిలారు? కదిలాక ఏమయ్యారు? ఇది తేల్చడానికే ఒక చదువుంది. ఆ చదువుకు నెలనెలా డబ్బు కూడా ఇస్తారు! ఆ సంగతులే ఇవాళ మీ చెవిన వేస్తాను. ఇలా దగ్గరికి జరగండి!

ముందు ఒక మ్యాపుల మాస్టారు. పేరు రావెన్‌స్టైన్. లండన్‌లో మ్యాపులు గీయడం ఆయన ఉద్యోగం. బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని ఏకంగా వలస సూత్రాలే రాసేశాడు! ఎక్కువమంది దగ్గరి ఊళ్లకే వెళ్తారట. ఆ దగ్గరి ప్రయాణాల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువట! ఇది ఆయన చెప్పింది ఎప్పుడు? 1885లో! ఈ చదువులో చేరినవాళ్లకు ఇవాళ్టికీ తొలి పాఠాల్లో అదొకటి!

ఇప్పుడు పాలమూరు పోదాం పదండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇక్కడే ఉంది! ఔరేపల్లి, డోకూరు. మ్యాపులో వెతుక్కోవలసినంత చిన్న ఊళ్లు. కానీ పల్లె ఆర్థికం చదివే ప్రొఫెసర్లకు అమెరికాలో కూడా వీటి పేర్లు తెలుసు! పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఈ ఊళ్లలో మనుషుల్ని పెట్టారు. ఏం పండింది? ఏం తిన్నారు? ఎవరి దగ్గర అప్పు తెచ్చారు? ఎవరు కూలికి పోయారు? ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు! మొదలుపెట్టింది 1975లో!

మహారాష్ట్రలో ఇంకో నాలుగు ఊళ్లు. మొత్తం ఆరు. మరి ఎన్ని ఇళ్లు? లక్షలు అనుకుంటున్నారా? కాదు! ఊరికి 40 చొప్పున 240 ఇళ్లే! ఆ కొన్ని ఇళ్ల గడపల మీద రాసుకున్న లెక్కలు ప్రపంచంలోని పెద్ద పెద్ద జర్నళ్లకు ఎక్కాయి!

అందులో ఒకటి వినండి. ఆశ్చర్యపోతారు! మార్క్ రోజెన్‌జ్వేగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ లెక్కల్ని తిరగేశారు. కూతుళ్లను వేరే వేరే దూరపు ఊళ్లకు ఎందుకు ఇస్తున్నారు? వాన కోసం! అవును, వాన కోసమే! ఇక్కడ కరువొచ్చిన ఏడాది అక్కడ పంట పండి ఉండొచ్చు. అప్పుడు వియ్యంకుడి ఇల్లు ఆదుకుంటుంది! అలా దూరం ఇచ్చిన ఇళ్లలో పంట పోయినా తిండికి అంత కటకట రాలేదని లెక్క తేలింది. పెళ్లే పంటల బీమా! ఈ వ్యాసం అచ్చయింది 1989లో!

దీన్ని మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు. అత్తారింటికి వెళ్లే పిల్ల కళ్లనీళ్లే మనం చూస్తాం. ఆమె వెనక రెండు ఊళ్ల వాన ఉందని ఎవరు చూశారు? ఇంకో రహస్యం చెప్పనా? ఇక్రిశాట్ లెక్కలు పరిశోధకులకు ఉచితం! మీ ఊరి పిల్లలు కూడా అడిగి తెచ్చుకోవచ్చు. ఖర్చు 0 రూపాయలు!

మన పిల్లల మీద ఇంకో అద్భుతం జరుగుతోంది! ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల యంగ్ లైవ్స్. నాలుగు దేశాల్లో పిల్లల్ని ఎంచుకుని చిన్నప్పటి నుంచీ వాళ్ల వెంటే నడుస్తున్నారు. బడి, తిండి, పెళ్లి, పని, ఊరు మారడం, అన్నీ రాసుకుంటున్నారు! ఇథియోపియా, పెరూ, వియత్నాం. నాలుగోది భారత్. భారత్‌లో ఎక్కడ? కోస్తా, సీమ, తెలంగాణల్లోనే! మన పిల్లలు 3 వేల మంది! బ్రిటన్ ప్రభుత్వం డబ్బు పెట్టింది. అప్పటి పసిపాపలకు ఇప్పుడు మీసాలొచ్చాయి!

బస్సు చార్జీ ఇస్తే ఏమవుతుంది? ఇదీ ఒక పరిశోధన ప్రశ్నే! బంగ్లాదేశ్‌లో రంగపూర్ వైపు కోతల ముందు ఆకలి నెలలుంటాయి. పరిశోధకులు వెళ్లి కొన్ని ఊళ్లలో చార్జీకి సరిపడా ఇచ్చారు. పట్నం పోయి పని చూసుకోండి అన్నారు. ఎంతిచ్చారో తెలుసా? ఎనిమిదిన్నర డాలర్లే! అంత చిన్న మొత్తానికే 22 శాతం ఇళ్ల నుంచి ఒకరు కదిలారు! ఇంట్లో ఉన్నవాళ్లకు కడుపునిండా తిండి దొరికింది. మరుసటి ఏడాది ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అయినా చాలామంది మళ్లీ వెళ్లారు! ఆపింది బద్ధకం కాదు, చేతిలో చార్జీ లేకపోవడం!

పసిఫిక్‌లో టోంగా అనే బుల్లి దేశం ఉంది. అక్కడివాళ్లకు న్యూజిలాండ్ వీసా లాటరీ తీసి ఇస్తుంది! పరిశోధకులకు ఇంతకంటే పండగ ఏముంటుంది? చీటీ తగిలిన వాళ్లనీ తగలని వాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరిదీ ఒకే తెలివి, ఒకే కష్టం. తేడా అదృష్టమే! వెళ్లినవాళ్ల సంపాదన ఎంత పెరిగింది? 263 శాతం! మనిషి అదే! మారింది నేల!

మీరు కొన్న రైలు టికెట్ కూడా పరిశోధనే! నమ్మరా? కేంద్ర ఆర్థిక సర్వే వాళ్లు 2017లో జనరల్ బోగీల టికెట్ల లెక్క తీశారు. ఏ రాష్ట్రం నుంచి ఎందరు వెళ్లారు? ఎందరు తిరిగొచ్చారు? ఆ తేడా పట్టుకుని వలసను కొలిచారు! రాష్ట్రం దాటి వెళ్తున్నవాళ్లు ఏటా 90 లక్షల మంది దాకా తేలారు! అంతకుముందు అనుకున్న దానికంటే చాలా ఎక్కువ! కిటికీ పక్కన నిద్రపోతున్న మేస్త్రీకి తెలియదు, తన టికెట్ దేశానికి ఒక కొత్త లెక్క చెప్పిందని!

టికెట్టే కాదు, సిమ్ కార్డు కూడా! 2010లో హైతీలో భూకంపం వచ్చింది. జనం రాజధాని వదిలి పరుగెత్తారు. ఎటు పోయారు? సాయం ఎక్కడికి పంపాలి? స్వీడన్, అమెరికా పరిశోధకులు ఫోన్ల జాడ పట్టారు. పేర్లు లేవు, సిమ్‌లు మాత్రమే! ఊరు వదిలింది 6 లక్షల 30 వేల మంది అని లెక్క కట్టారు!

వలసే కాదు, పుట్టుకల లెక్కా ఈ చదువులోదే! పుట్టిన ప్రతి బిడ్డ పేరూ రిజిస్టరుకు ఎక్కదు. మరి ఎక్కనివాళ్లను లెక్కపెట్టడం ఎలా? దీనికి దారి దొరికింది బెంగాల్‌లోని సింగూరులో! రిజిస్టరు ఒకవైపు. ఇంటింటి సర్వే మరోవైపు. రెండింటిలో ఉన్నవాళ్లు ఎందరు? ఒక్కదానిలోనే ఉన్నవాళ్లు ఎందరు? ఆ తేడాతో రెండింట్లోనూ లేనివాళ్ల లెక్క చెప్పేశారు! చేసింది మన చంద్రశేఖరన్, అమెరికా నుంచి డెమింగ్. జపాన్ ఫ్యాక్టరీలకు నాణ్యత నేర్పిన డెమింగ్ ఈయనే! వ్యాసం వచ్చింది 1949లో. చేపల లెక్కకు వాడే ఉపాయం మనుషులకూ పనికొచ్చింది!

ఇంకో చంద్రశేఖర్ ఉన్నారు. ఈయన అచ్చంగా మనవాడు! శ్రీపతి చంద్రశేఖర్. పుట్టింది రాజమండ్రిలో! న్యూయార్క్ వెళ్లి డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఇండియా నుంచి అమెరికాకూ కెనడాకూ మారిషస్‌కూ వెళ్లినవాళ్ల మీద పుస్తకాలు తెచ్చారు. అంతేనా? 1967లో కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యారు! జనాభా చదివిన మనిషికే జనాభా శాఖ! గోదావరి ఒడ్డున ఈ పేరు ఇంకా గట్టిగా వినపడాలి!

ఇక డబ్బుల ముచ్చట! యూజీసీ నెట్ పరీక్షలో తెలుగు ఉంటుంది, ఎకనామిక్స్ ఉంటుంది, అది అందరికీ తెలుసు. మరి జనాభా అధ్యయనం కూడా విడిగా ఒక సబ్జెక్టని తెలుసా? దాని కోడ్ నంబర్ 15!

అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్ వచ్చిందా? ఇక ఇంట్లో చేయి చాచక్కర్లేదు! పరిశోధన చేస్తున్నందుకు మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు! ఆ తర్వాత ఇంకా పెరుగుతుంది. ఇంటద్దె భత్యం వేరే! బీఏ పూర్తిచేసిన పిల్లలకు ఈ మాట ఎవరైనా చెప్తున్నారా? దయచేసి చెప్పండి!

జనాభా కోసమే ఒక యూనివర్సిటీ ఉందంటే నమ్ముతారా? ఉంది! ముంబైలో, దేవనార్ దగ్గర! అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ. అందరూ పిలిచేది ఐఐపీఎస్ అని. టాటా ట్రస్టు, భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి, ముగ్గురూ కలిసి పెట్టారు! ఆసియా, పసిఫిక్ దేశాల నుంచి పిల్లలు ఇక్కడికొచ్చి చదువుతారు. మొదలైంది 1956లో!

ఆ ఐఐపీఎస్ చేసే కుటుంబ ఆరోగ్య సర్వే ఎంత పెద్దదో తెలుసా? అయిదో విడతలో తలుపు తట్టిన ఇళ్లు 6 లక్షల 36 వేలకు పైనే! బిడ్డ బరువు నుంచి వంటింటి గ్యాస్ దాకా అన్నీ అందులో ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో పిల్లలు తగ్గుతున్న సంగతి బయటపెట్టిన లెక్కల్లో ఇదొకటి. దీన్ని పట్టుకునే ఎందరో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు!

పిల్లలు డాలస్‌లో, అమ్మానాన్న తెనాలిలో! ఈ కథ కూడా లెక్కల్లో ఉంది! వయసు మళ్లుతున్నవాళ్ల వెంటే ఏళ్ల తరబడి నడిచే సర్వే ఒకటి ఐఐపీఎస్ మొదలుపెట్టింది. పేరు లాసీ. హార్వర్డ్ కూడా చేయి కలిపింది! నలభై అయిదు దాటినవాళ్లు 72 వేల మందికి పైగా మొదటి విడతలోనే చేరారు! ఎవరితో ఉంటున్నారు? పిల్లలు డబ్బు పంపుతున్నారా? మాట్లాడుతున్నారా? అన్నీ అడిగారు. ఈ లెక్కల్లో మన ఇళ్లే ఉన్నాయి, తీసి చదివేవాళ్లు కావాలి!

ముంబై దూరమా? అయితే విశాఖ వెళ్లండి! ఆంధ్రా యూనివర్సిటీలోనే జనాభా పరిశోధన కేంద్రం ఉంది! కేంద్ర ఆరోగ్య శాఖ డబ్బుతో దేశంలో ఇలాంటివి 18 నడుస్తున్నాయి. అందులో ఒకటి మన సముద్రం పక్కనే! తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలోనూ జనాభా అధ్యయన విభాగం ఉంది. ఏడుకొండల నీడలో జనాభా పాఠాలు!

వలస పోయినవాళ్లను లెక్కపెట్టడంలో కేరళను చూడాలి! తిరువనంతపురం పరిశోధకులు జకరయ్య, ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టారు. ఇంటికి వెళ్లి అడగడమే! ఎవరు గల్ఫ్ వెళ్లారు? ఎంత పంపారు? ఎవరు తిరిగొచ్చారు? అప్పటి నుంచి మళ్లీ మళ్లీ అదే సర్వే. 2023 విడతలో విదేశాల్లో ఉన్న మలయాళీలు 22 లక్షల మంది అని తేలింది! కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ... మన గల్ఫ్ ఇళ్లు తక్కువా? ఏళ్ల తరబడి ఆగకుండా నడిచే ఇలాంటి సర్వే మనకూ ఉండాలి. ఇది మనసారా కోరుకుంటున్నా!

ఎందుకంటే ఆ డబ్బు చిన్నదా? బయటి దేశాల నుంచి మనవాళ్లు ఇంటికి పంపింది 2024లో దాదాపు 12 వేల 900 కోట్ల డాలర్లు! ఇది ప్రపంచ బ్యాంకు అంచనా. ప్రపంచంలో మనమే ఫస్టు!

అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష ఏదో చెప్పుకోండి! స్పానిషా? చైనీసా? కాదు, తెలుగు! 2010 నుంచి ఏడేళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడ 86 శాతం పెరిగారు! చెప్పింది మనం కాదు. వాళ్ల సెన్సస్ లెక్కలే!

విదేశంలో చదవాలని ఉందా? తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 20 లక్షల రూపాయల దాకా! ఇంజినీరింగ్ వాళ్లకే అనుకుంటున్నారు కదూ? సోషల్ సైన్సెస్‌కూ వర్తిస్తుంది! అంటే వలస మీద చదువుకూ దారి ఉన్నట్టే! బీసీ పిల్లలకు ఫూలే పేరుతో ఇలాంటి పథకమే ఉంది. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి చూసుకోండి.

చదువే వలస పోతే ఎలా ఉంటుంది? ఎమ్మిర్ అనే మాస్టర్స్ కోర్సు అలాంటిదే! వలస మీద చదువు, చదువుతూ వలస! కొన్నాళ్లు యూరప్‌లో, కొన్నాళ్లు ఆఫ్రికాలో! ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు వాళ్లే చూసుకుంటారు. పైగా చేతికి నెలకు 1,400 యూరోలు! మన పిల్లలూ దరఖాస్తు చేసుకోవచ్చు!

పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు ఇంకొకటి! యూరప్‌లో జనాభా శాస్త్రానికి ఒక డాక్టోరల్ స్కూల్ నడుస్తుంది. పాఠాలు చెప్పేది ఆ రంగంలో దిట్టలు. 11 నెలలు. ఫీజు లేదు!

రాజుల కోటలో కూర్చుని జనాభా లెక్కలు వేయొచ్చు! వియన్నా దగ్గర లాక్సెన్‌బుర్గ్ కోట. ఒకప్పుడు ఆస్ట్రియా చక్రవర్తుల వేసవి విడిది. ఇప్పుడక్కడ ఐయాసా అనే పరిశోధన సంస్థ ఉంది. భారత్ అందులో సభ్య దేశం! ప్రతి వేసవికీ పీహెచ్‌డీ పిల్లల్ని పిలుస్తారు. 3 నెలలు కోటలోనే పని! జనాభా మీద పనిచేసే జట్టు కూడా అక్కడ ఉంది!

బహుమతి డబ్బుతో ఏం చేస్తారు? ఇల్లు కొంటారు, పొలం కొంటారు. వుల్ఫ్‌గాంగ్ లుట్స్ అనే జనాభా శాస్త్రవేత్త ఏం చేశాడో తెలుసా? 2010లో ఆస్ట్రియా అతి పెద్ద సైన్స్ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో వియన్నాలో జనాభా పరిశోధన కేంద్రమే పెట్టేశాడు!

పాత జనాభా లెక్కలు సర్దిపెట్టినందుకు 8 లక్షల డాలర్లు! మినసోటా యూనివర్సిటీలో స్టీవెన్ రగుల్స్ అనే చరిత్రకారుడున్నాడు. దేశానికో తీరుగా ఉన్న లెక్కలన్నిటినీ ఒక్క పద్ధతిలోకి తెచ్చాడు. వంద దేశాలు దాటాయి! ఎవరికైనా ఉచితం! మన జాతీయ నమూనా సర్వేలూ అందులో ఉన్నాయి. మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ తన ఫెలోషిప్‌కు ఆయన్ను ఎంచుకుంది. పేరు కోసం దాచుకోకుండా అందరికీ పంచిన మనిషికి ఆ డబ్బు వచ్చింది. ఎంత సంతోషమో!

కానీ డబ్బు ఆగితే? అదీ చూశాం! పేద దేశాల్లో తల్లీబిడ్డల లెక్కలు తీసే డీహెచ్ఎస్ అనే పెద్ద పని 1984 నుంచి అమెరికా డబ్బుతో నడిచింది. తొంభైకి పైగా దేశాలు! 2025లో ఒక్కసారిగా ఆ డబ్బు ఆగిపోయింది! ఎన్నో సర్వేలు నడుమలో నిలిచాయి. లెక్కకు రాని బిడ్డకు టీకా ఎవరు పంపుతారు? నాకు ఇప్పటికీ ఇది మింగుడుపడదు.

ఇక చివరిది. దీన్ని కావాలనే దాచి ఉంచాను! ఫిజీ దీవుల్లో చెరకు తోటల మధ్య ఒక పిల్లాడు పుట్టాడు. పేరు బ్రిజ్ లాల్. తాత గిర్మిట్ కూలీ, అంటే ఒప్పందం మీద ఇండియా నుంచి ఓడెక్కి వచ్చిన కూలీ. మనవడు ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీకి చేరాడు. తాతల ఓడ పాసులే పరిశోధన అన్నాడు! కలకత్తా రేవులో ఓడెక్కినవాళ్ల పాసులన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌కు ఎక్కించాడు. ఎన్ని? 45 వేలకు పైగా!

అప్పటిదాకా అందరూ ఏమన్నారు? వెళ్లినవాళ్లు దిక్కులేని జనం అన్నారు, అట్టడుగు కులాలవాళ్లే అన్నారు. పాసులు వేరే మాట చెప్పాయి! అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. భర్తతో, పిల్లలతో కలిసి కదిలిన ఆడవాళ్లూ ఉన్నారు. ఒంటరిగా ధైర్యం చేసినవాళ్లూ ఉన్నారు! అసలు నూరుగురు మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలని అప్పటి రూలు!

మరి మనవాళ్లు? మద్రాసు రేవు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి! వాటిలో తెలుగువాళ్లున్నారు. వాళ్లకూ పాసులున్నాయి! పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు. ఎత్తు ఎంతో కూడా రాశారు. ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాశారు! ఊరి పేరు తెల్లదొర చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. అది మన ఏ ఊరో గుర్తుపట్టాలంటే తెలుగు చెవి ఉండాలి!